పెద్ద దుఃఖం ముందు చిన్న సాయం నిలుస్తుందా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతలో ఇది. మీ మిత్రుల పంతొమ్మిదేళ్ల కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయి నాలుగు నెలలైంది. మొదటి రెండు వారాలు అందరితోపాటు మీరూ వెళ్లి వచ్చారు. ఆ తరువాత, మళ్లీ వెళ్తే మానుతున్న గాయాన్ని కెలికినట్టవుతుందేమోనని ఆగిపోయారు. ఇప్పుడు ఏదో ఒకటి చేయాలని ఉంది కానీ, మీ చేతిలో ఉన్న పనులన్నీ, అంటే ఒక పూట భోజనం పంపడం, బయటి పని ఒకటి చేసిపెట్టడం, నాలుగు వాక్యాల ఉత్తరం రాయడం, అంత పెద్ద నష్టం ముందు మరీ అల్పంగా కనిపిస్తున్నాయి. వీటివల్ల నిజంగా ఎవరైనా కోలుకుంటారా, లేక ఇవి చేసేవారి మనశ్శాంతి కోసమేనా అని అడిగారు.

ఆప్తులను హఠాత్తుగా పోగొట్టుకున్న కుటుంబాలతో నేను ఇరవై ఏళ్లకు పైగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చిన్న సాయాలు పనిచేస్తాయనే నా సమాధానం, అయితే అవి పనిచేసే తీరు మనం ఊహించుకునే తీరు కాదు. ఏ భోజనమూ, ఏ ఉత్తరమూ కొడుకు పోయిన దుఃఖాన్ని తగ్గించలేవు. తగ్గించి తీరాలన్న పట్టుదలతో చేసిన సాయం చాలాసార్లు బెడిసికొడుతుంది కూడా. కానీ అలాంటి మరణం ఒక్క మనిషిని మాత్రమే తీసుకుపోదు. బతికున్నవారు లోకంమీద పెట్టుకున్న నమ్మకాన్ని, ఒక రోజును మొదలుపెట్టి ముగించగల ఓపికను, నలుగురిలో తమకున్న చోటును కూడా దానితోపాటే లాక్కుపోతుంది. ఈ రెండో రకం నష్టాలను కొద్దికొద్దిగా పూడ్చగలిగే శక్తి చిన్న సాయాలకు ఉంది, అవి కొంతైనా పూడితేనే మొదటి నష్టాన్ని మోయడానికి మనిషికి కాళ్ల కింద నేల దొరుకుతుంది.

పొద్దున బయటికి వెళ్లిన పిల్లవాడు సాయంత్రానికి ఇంటికి వస్తాడన్నది ఎవరూ ఆలోచించి నమ్మే విషయం కాదు. ఆలోచించకుండానే నమ్ముతాం కాబట్టే రోజులు గడుస్తాయి. ఆ నమ్మకం ఒక్క ఫోన్ కాల్‌తో కూలిపోయిన ఇంట్లో ఆ తరువాత ప్రతి ఫోన్ మోతకూ గుండె ఝల్లుమంటుంది, ఇంట్లో మిగిలినవారు పది నిమిషాలు ఆలస్యమైతే ఊపిరి ఆడదు. లోకం ఇంకా నమ్మదగినదే అని వారికి వాదించి చెప్పి లాభం లేదు. వారి దగ్గర ఉన్న రుజువు మన దగ్గర ఉన్న ఏ వాదనకన్నా బలమైనది. ఆ రుజువుకు ఎదురుగా పెట్టగలిగినవి చిన్న చిన్న సంఘటనలు మాత్రమే: ఆరుగంటలకు వస్తానన్న మనిషి ఆరుగంటలకే రావడం, తీసుకెళ్లిన పాత్ర మర్నాడు తిరిగి ఇంటికి చేరడం, గురువారం చేస్తానన్న ఫోన్ గురువారం రావడం. బయటివారికి ఇవి పట్టనైనా పట్టవు. చెప్పింది చెప్పినట్టు జరగడమన్నది ఆ ఇంట్లో అప్పటికి చాలా రోజులుగా లేదు.

ఈ అవగాహన నా ఒక్కడి అనుభవం మీద ఆధారపడింది కాదు. పెద్ద విపత్తుల తరువాత మనుషులకు ఏమి అందాలన్న విషయమై స్టీవన్ హాబ్‌ఫాల్, ఆయన సహచరులు 2007లో ఒక పత్రం ప్రచురించారు. అందులో వారు చెప్పిన ఐదు అంశాలు భద్రత ఉందన్న భావన, మనసు కుదుటపడటం, తమవల్ల ఏదైనా అవుతుందన్న నమ్మకం, మనుషులతో అనుబంధం, ఆశ. ఈ ఐదింటిలో మొదట నిపుణుడి కోసం వెతుక్కోవలసినది ఒక్కటీ లేదని గమనించండి. అంతకుముందు, 2000లో, క్రిస్ బ్రూయిన్ బృందం అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలను కలిపి, తీవ్రమైన ఆఘాతం తరువాత ఎవరికి దీర్ఘకాలిక మానసిక సమస్య వస్తుందో నిర్ణయించే పద్నాలుగు కారణాలను పోల్చి చూసింది. మనిషి చదువు, వయసు, పూర్వచరిత్ర వంటివాటికన్నా, ఆఘాతం జరుగుతున్నప్పుడూ ఆ తరువాతా ఉన్న పరిస్థితుల ప్రభావమే ఎక్కువగా కనిపించింది, ఆ పరిస్థితుల్లో ముందువరసలో నిలిచినవాటిలో చుట్టూ ఉన్నవారి తోడు కరువవడం ఒకటి. జరిగినదాన్ని ఎవరూ మార్చలేరు, పూర్వచరిత్రనూ మార్చలేరు. మార్చడానికి వీలున్నది ఆ తరువాతి కాలం ఒక్కటే, అందులో మీవంటివారి చేతిలో ఉన్న భాగం చిన్నదేమీ కాదు.

ఇక్కడ మా వృత్తి చేసిన ఒక పొరపాటును కూడా చెప్పాలి. ఒకప్పుడు, ముఖ్యంగా 1980, 1990 దశకాల్లో, విషాదం జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, జరిగినదంతా వివరంగా చెప్పించి, లోపలున్నది బయటికి రప్పిస్తే మేలు జరుగుతుందని నమ్మేవారు. దాన్ని నేనూ చదువుకున్నాను, ఆచరించాను కూడా. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, తమ్ముణ్ని పోగొట్టుకున్న ఒక యువకుణ్ని మూడో రోజునే ఆ క్షణం గురించి మాట్లాడమని ఒత్తిడి చేశాను. అతను మాట్లాడాడు, ఆ తరువాత నా దగ్గరికి మళ్లీ రాలేదు. అలాంటి ఒక్క విడత సంభాషణ తదనంతర మానసిక సమస్యలను ఆపలేదనీ, కొందరికి హాని కూడా చేసి ఉండవచ్చుననీ, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షలు ఆ తరువాత తేల్చాయి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో అందుకే మూడే పనులు కనిపిస్తాయి: చూడండి, వినండి, కావలసినవారితో కలపండి. మాట్లాడమని బలవంతపెట్టవద్దని అది స్పష్టంగా చెబుతుంది. నిపుణులు పెద్ద ఎత్తున చేయబోయి భంగపడిన చోట, పక్కింటివారు తెలియకుండానే చేస్తూ వచ్చిన చిన్న పనులు నిలబడ్డాయి.

చిన్నదానికి ఎంత బలం ఉండగలదో చెప్పడానికి నేను తరచూ ఎత్తుకునే ఉదాహరణ శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడి పని. తీవ్రమైన కుంగుబాటుతోనో, ఆత్మహత్య ఆలోచనలతోనో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వెళ్లాక తదుపరి చికిత్స వద్దన్న లేదా మధ్యలో మానేసిన 843 మందిని ఆయన 1969 తరువాతి సంవత్సరాల్లో యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ పంపలేదు. రెండో గుంపులోని వారికి ఆసుపత్రిలో వారితో మాట్లాడిన మనిషే ఒక చిన్న ఉత్తరం రాశారు. మీరు ఇక్కడినుంచి వెళ్లి కొంతకాలమైంది, మీరు బాగున్నారని ఆశిస్తున్నాం, మాకు ఒక ముక్క రాయాలనిపిస్తే సంతోషిస్తాం అన్నంతవరకే ఉండేది ఆ ఉత్తరం. సలహా లేదు, చికిత్సకు రమ్మన్న పిలుపు లేదు, మందులు వేసుకుంటున్నారా అన్న ప్రశ్న లేదు. మొదట నెలకొకటి, తరువాత రెండు నెలలకొకటి, ఆపైన మూడు నెలలకొకటి చొప్పున ఐదేళ్లపాటు ఇరవై నాలుగు ఉత్తరాలు వెళ్లాయి. 2001లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఉత్తరాలు అందుకున్నవారిలో ఆత్మహత్యలు తక్కువగా జరిగాయి, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో ఆ తేడా స్పష్టంగా కనిపించింది.

ఆ ఉత్తరాలను ఎన్నోసార్లు తలచుకుని, వాటిలో పనిచేసినది ఏమిటని ఆలోచించాను. అవి పొట్టివి. అవి ఏమీ అడగవు, జవాబు రాకపోయినా అలగకుండా మళ్లీ వస్తాయి. వీటికన్నా ముఖ్యం, అందరూ మరచిపోయి ఉంటారనుకున్న సమయంలో వస్తాయి. దుఃఖంలో ఉన్నవారికి ఎవరైనా చేసిన మేలుకు స్పందించవలసి రావడం కూడా ఒక బరువే. ఫోన్ ఎత్తాలి, బాగున్నామని చెప్పాలి, వచ్చినవారి ముందు ఎంత ఏడవాలో ఎంత ఆపుకోవాలో కొలుచుకోవాలి. ఆ బరువు పెట్టకుండా వచ్చిన పలకరింపు లోపలివరకూ దిగుతుంది. మీరు పంపే సందేశం చివర జవాబు ఇవ్వనక్కరలేదని ఒక్క మాట చేర్చడం ఎంత తేలికో, దానివల్ల అవతలి మనిషికి కలిగే ఊరట అంత ఎక్కువ.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసే మాట ఒకటుంది: ఏదైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి అన్న మాట. దాన్ని అందరమూ మంచి మనసుతోనే అంటాం. అయితే ఆ మాటతో పని అంతా మనం అవతలివారి నెత్తిన పెడుతున్నాం. తమకేం కావాలో వారు ఆలోచించుకోవాలి, ఎవరిని అడిగితే బాగుంటుందో ఎంచుకోవాలి, అడగడానికి సిగ్గు చంపుకోవాలి, కాదంటారేమోనన్న భయాన్ని దాటాలి. చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తులేని స్థితిలో ఉన్న మనిషికి ఇది పెద్ద కొండ. అడగనివారికి అవసరం లేదని అనుకుని మనం ఊరుకుంటాం, అడగనందుకు వారు ఒంటరిగా మిగులుతారు. దాని బదులు, శనివారం పొద్దున నేను బజారుకు వెళ్తున్నాను, మీకు కావలసినవి కూడా తెస్తాను, జాబితా లేకపోతే నాకు తోచినవి తెచ్చి గుమ్మం దగ్గర పెడతాను అని చెబితే, అవతలివారు చేయవలసింది వద్దనడమో ఊరుకోవడమో మాత్రమే. రోజు, సమయం, పని ఈ మూడూ ఉన్న మాట సాయమవుతుంది. అవి లేని మాట మర్యాద దగ్గరే ఆగిపోతుంది.

నైల్ బోల్గర్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, న్యాయవాద వృత్తి పరీక్షకు సిద్ధమవుతున్నవారిని, వారి జీవిత భాగస్వాములను రోజూ ఎవరికి ఎవరు ఏ సాయం చేశారో విడివిడిగా రాయమన్నారు. చేసినవారు చేశామని రాసి, పొందినవారు పొందామని గమనించని సాయమే ఎక్కువ మేలు చేసినట్టు తేలింది. సాయం కంటికి కనబడేకొద్దీ, నేను నిస్సహాయుణ్ని అన్న భావన కూడా దానితోపాటే పెరుగుతుంది కాబోలు. పరీక్ష ఒత్తిడికీ పుత్రశోకానికీ పోలిక లేదు, నిజమే. అయినా నేను చూసిన ఇళ్లలో కూడా ఇదే జరిగింది. భార్యను పోగొట్టుకున్న ఒకాయనకు మూడేళ్ల తరువాత గుర్తున్న మేలు ఏమిటని అడిగితే, తన సహోద్యోగి ఒకరు బ్యాంకు ఖాతా, బీమా, ఫోన్ కనెక్షన్ రద్దు కాగితాలన్నీ పూరించి, సంతకం పెట్టవలసిన చోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టి తెచ్చిన రోజు గురించి చెప్పారు. మరణ ధృవీకరణ పత్రం నకళ్లు ఎన్ని కావాలో కూడా ఆ సహోద్యోగే కనుక్కుని తెచ్చారట. ఆమె పేరు పక్కన చనిపోయిన తేదీని ఆయన స్వయంగా రాయవలసిన అవసరం ఆ రోజు ఒక్కసారి కూడా రాలేదు. ఆ సంగతి ఆయనకు తట్టింది ఏడాది తరువాత.

నాలుగు నెలలైపోయింది, ఇప్పుడు వెళ్తే ఆలస్యం కాదా అన్న మీ సంకోచం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో సరైన సమయం ఇదే. విషాదం జరిగిన తొలి రోజుల్లో మనుషులు కట్టలు తెంచుకుని వస్తారు. విపత్తుల తరువాతి సామాజిక సహకారాన్ని ఏళ్లపాటు పరిశీలించిన క్రిస్టఫ్ కానియాస్టీ, ఫ్రాన్ నోరిస్ గమనించినది ఏమిటంటే, ఆ తొలి వెల్లువ అవసరం తీరకముందే తగ్గిపోతుంది, మనకు తోడుగా నలుగురున్నారన్న నమ్మకం సరిగ్గా అప్పుడే దెబ్బతింటుంది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబే నగరాన్ని కూల్చిన భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు. దేశం నలుమూలలనుంచి పది లక్షల మందికి పైగా స్వచ్ఛందంగా తరలివచ్చారు, ఎంతగానంటే దాన్ని అక్కడ స్వచ్ఛంద సేవకు తొలి సంవత్సరంగా చెప్పుకుంటారు. అయితే ఆ తరువాత తాత్కాలిక ఇళ్లను లాటరీ పద్ధతిన కేటాయించడంతో పాత ఇరుగుపొరుగు చెల్లాచెదురయ్యారు. ముందుగా ఇళ్లు దక్కిన వృద్ధులు తెలియనివారి మధ్య పడ్డారు. కొందరు ఎవరికీ తెలియకుండా గదుల్లోనే చనిపోయి, ఆలస్యంగా బయటపడ్డారు. భూకంపాన్ని తట్టుకుని బతికినవారు వారు. ఆ దశలో కావలసి వచ్చింది సహాయక దళం కాదు, రోజుకొకసారి తలుపు తట్టి పలకరించే మనిషి. తరువాతి కాలంలో నర్సులు, స్వచ్ఛంద సేవకులు ఆ పనే చేశారు, ఇల్లిల్లూ తిరిగారు.

ఒక కుటుంబం విషయంలోనూ ఇంతే. మొదటి వారాల్లో మొద్దుబారిన మనసు, చుట్టూ మనుషులు, చేయవలసిన పనులు కలిసి వారిని ఎలాగో నడిపిస్తాయి. మూడో నెల, నాలుగో నెల వచ్చేసరికి మొద్దుతనం వదులుతుంది, మనుషులు తగ్గుతారు, పిల్లవాడు ఏదో ఊరికి వెళ్లాడన్నట్టుగా మనసు ఆడుకున్న నాటకం కూడా ముగుస్తుంది. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆ దశలోనే వస్తారు. మీ క్యాలెండరులో మూడు తేదీలు రాసుకోండి: ఆ అబ్బాయి పుట్టినరోజు, ప్రమాదం జరిగిన తేదీ, అతని స్నేహితులంతా చదువు ముగించుకుని బయటికి వచ్చే నెల. మూడోది ఎవరికీ గుర్తుండదు, అందుకే అది గుర్తున్న ఒక్క మనిషి ఆ ఇంటికి చాలా విలువైనవాడవుతాడు.

గాయాన్ని కెలకడం గురించి. మీరు ఆ అబ్బాయి పేరు ఎత్తకపోతే వారికి అతను గుర్తురాడా? వారు నిద్ర లేచిన క్షణంనుంచీ ఆ ఆలోచనలోనే ఉంటారు. మీరు పేరెత్తినప్పుడు తల్లి కంటనీరు పెట్టుకోవచ్చు, కానీ ఆ కన్నీరు మీరు తెచ్చినది కాదు, మీ ముందు ఆపుకోనక్కరలేదని ఆమెకు అనిపించడంవల్ల వచ్చినది. తల్లిదండ్రులు నాతో చెప్పుకునే ఫిర్యాదుల్లో అన్నిటికన్నా తరచుగా విన్నది, మా బిడ్డ పేరు ఇక ఎవరూ పలకడం లేదండీ అన్నది. ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. కూతురు పోయిన ఎనిమిది నెలలకు, ఆ అమ్మాయికి పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలు బీరువా సర్దుకుంటుంటే పాత వ్యాసం ఒకటి దొరికింది. ఆ కాగితాన్ని, ఆ రోజు తరగతిలో అమ్మాయి ఏమని నవ్వించిందో రాసిన నాలుగు వాక్యాల చీటీతో కలిపి తల్లికి పంపింది. ఆ తల్లి నాకు ఆ కాగితం చూపించినప్పుడు, ఓదార్పు దొరికిందని అనలేదు. నాకు తెలియని సంగతి ఇంకొకటి దొరికింది అంది. చనిపోయినవారి గురించి కొత్త సంగతులు పుట్టడం ఆగిపోతుంది, కుటుంబానికి ఉన్న అనేక నష్టాల్లో అదొకటి. మీ దగ్గర ఆ అబ్బాయి గురించి వారికి తెలియని చిన్న జ్ఞాపకం ఒక్కటున్నా, ఒక ఫొటో ఉన్నా, మీరు ఇవ్వగలిగిన వస్తువుల్లో దానికి సాటి వచ్చేది లేదు. 2011 మార్చి 11 నాటి సునామీ తరువాత జపాన్ ఈశాన్య తీరంలోని యమమోతో వంటి పట్టణాల్లో స్వచ్ఛంద సేవకులు నెలల తరబడి కూర్చుని, బురదలో దొరికిన ఫొటోలను ఒక్కొక్కటిగా మెత్తటి కుంచెతో కడిగి, తాళ్లమీద ఆరబెట్టి, సొంతదారులు వచ్చి వెతుక్కునేలా అమర్చిపెట్టారు. లక్షల ఫొటోలు అలా బయటపడ్డాయి. ఇళ్లే కొట్టుకుపోయిన చోట ఫొటో కడగడం ఏం సాయమని అడిగేవారికి, ఆ గదిలో తమ పిల్లల ముఖం దొరికినవారే సమాధానం.

ఏం మాట్లాడాలో తెలియడం లేదన్న భయం చాలామందిని గుమ్మం దాటనివ్వదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ, ఆయన సహచరులు 2022లో ప్రచురించిన పరిశోధనల్లో, ఆదరంగా పలకరించాలనుకునేవారు తమ మాటలు సరిగ్గా కుదురుతాయా అని మథనపడతారనీ, అందుకునేవారు మాత్రం మాటల కూర్పును కాక అందులోని ఆప్యాయతను చూస్తారనీ, అందుకే మన సాయం విలువను మనమే తక్కువ అంచనా వేసుకుంటామనీ తేలింది. అసలు మాటే లేకపోయినా పరవాలేదు. జేమ్స్ కోన్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్న విద్యుత్ షాక్ తగలబోతోందని తెలిసిన స్త్రీలు భర్త చేయి పట్టుకుని ఉన్నప్పుడు వారి మెదడులో బెదురుకు స్పందించే భాగాల హడావుడి తగ్గింది, ముక్కూమొహం తెలియని మనిషి చేయి పట్టుకున్నప్పుడు కూడా కొంత తగ్గింది. కాబట్టి వెళ్లి, నాకేం చెప్పాలో తెలియడం లేదు, ఊరికే కూర్చుందామని వచ్చాను అనండి. అనకూడనివి మాత్రం కొన్ని ఉన్నాయి: అంతా మన మంచికే, కాలమే మరపిస్తుంది, ఇంకో బిడ్డ ఉన్నాడు కదా, మా బంధువులకైతే ఇంతకన్నా ఘోరం జరిగింది. వారు ఒకవేళ నవ్వితే, సినిమా గురించి మాట్లాడితే, ఆశ్చర్యపోకండి. మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ 1999లో వివరించినట్టు, దుఃఖంలో ఉన్న మనిషి పోయినదానివైపూ బతకవలసినదానివైపూ అటూ ఇటూ ఊగుతూనే ముందుకు నడుస్తాడు, రెండూ అవసరమే.

మంచి మనసుతో చేసినదంతా మేలు చేయదని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. 2012 డిసెంబరు 14న అమెరికాలోని న్యూటౌన్ పట్టణంలో, శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరవై మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది కాల్పులకు బలయ్యారు. లోకమంతా కదిలిపోయి ఆ చిన్న పట్టణానికి బొమ్మలు పంపింది, ఒక్క ఎలుగుబంటి బొమ్మలే అరవై వేలు దాటాయి. వాటిని దాచడానికి గిడ్డంగి, విప్పి సర్దడానికి వందల మంది మనుషులు కావలసివచ్చారు. ప్రతి బొమ్మ వెనకా ఒక మంచి మనసుంది, అయినా అన్నీ కలిసి అప్పటికే కుంగిపోయిన ఊరికి మరో పనయ్యాయి. పంపినవారికి తమ దుఃఖం దించుకోవడానికి ఏదో ఒకటి చేయాలనిపించింది. అలా అనిపించడంలో తప్పు లేదు, కానీ ఆ అవసరం ఎవరిదో మనకు తెలిసి ఉండాలి. చేసేవారి మనశ్శాంతి కోసమేనా అని మీరు వేసిన ప్రశ్నకు నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది: నేను చేశానని వారికి తెలియకపోయినా ఈ పని చేస్తానా, దీనివల్ల వారికి కొత్తగా ఏదైనా పని పడుతుందా? మొదటిదానికి అవునని, రెండోదానికి లేదని జవాబు వస్తే నిస్సంకోచంగా చేయండి. మనశ్శాంతి మీకూ దక్కితే దక్కనివ్వండి, అదేమీ నేరం కాదు.

ఆ న్యూటౌన్ విషాదం తరువాతే ఆన్ కర్రీ అనే పాత్రికేయురాలు మరో ఆలోచనను జనం ముందు పెట్టారు. పోయిన ఇరవై ఆరుగురిలో ఒక్కొక్కరి గౌరవార్థం ఒక్కో మంచి పని చొప్పున ఇరవై ఆరు పనులు, ఎవరున్న చోట వారే, ఎవరికి అవసరమో వారికే చేయమన్నారు. అది వేలమందికి నచ్చింది. ఆ పనులు న్యూటౌన్‌కు బరువు కాలేదు, ఆ పేర్లు మాత్రం అనేక చోట్ల నిలిచాయి. ఇందులో మీ మిత్రులకు సంబంధించిన విషయం ఒకటుంది. దుఃఖంలో ఉన్నవారిని మనం ఎప్పుడూ పుచ్చుకునే వైపునే నిలబెడతాం. నెలల తరబడి పుచ్చుకుంటూ ఉంటే మనిషి లోపల చిన్నబోతాడు. స్టెఫనీ బ్రౌన్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన పరిశీలనలో, జీవిత భాగస్వామిని పోగొట్టుకుని తీవ్రమైన దుఃఖంలో ఉన్నవారిలో ఇతరులకు చేతనైన సాయం చేస్తూ వచ్చినవారి కుంగుబాటు లక్షణాలు మరింత త్వరగా తగ్గాయి. దీన్ని ఆజ్ఞలా ఎవరిమీదా రుద్దకూడదు. ఇంకొకరికి సాయం చెయ్యి, మనసు మళ్లుతుంది అని చెప్పడం క్రూరత్వం. దారి మాత్రం తెరిచి ఉంచవచ్చు. ఆ తండ్రికి లెక్కలు బాగా వస్తే మీ అమ్మాయికి అర్థంకాని లెక్కొకటి పట్టుకెళ్లండి. ఆ తల్లి చేతిలో మొక్కలు బతుకుతాయంటే, వాడిపోతున్న మీ మొక్క గురించి అడగండి. అడగడం కూడా దయే అని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

హద్దుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆప్తులను పోగొట్టుకున్న పెద్దవారిలో సుమారు పదిమందిలో ఒకరికి దుఃఖం సడలకుండా బిగుసుకుపోతుంది, హఠాన్మరణాల తరువాత ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీ-11 దీన్ని ఆరు నెలలు దాటినప్పుడు, 2022లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5-టీఆర్ పెద్దవారి విషయంలో ఏడాది దాటినప్పుడు రుగ్మతగా గుర్తిస్తాయి. మీ మిత్రులకు నాలుగు నెలలే అయింది కాబట్టి ఏడుపునూ, నిద్రలేమినీ చూసి కంగారుపడనక్కరలేదు. అయితే తిండి మానేసి చిక్కిపోతున్నా, మద్యమో నిద్రమాత్రలో పెరిగిపోతున్నా, నేనూ వాడి దగ్గరికి వెళ్లిపోతాను అన్న మాట వినబడినా, గడువుకోసం చూడకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. అపాయింట్‌మెంట్ తీసుకోవడం, వాహనం నడపడం, బయటి గదిలో వారితోపాటు కూర్చోవడం, ఆ రోజుకు మీరు చేయగల చిన్న సాయాలు అవే.

ఇక మీరు చేయవలసింది. ఈ నాలుగు నెలలు ఎందుకు రాలేదో వివరించుకునే ఉత్తరం రాయకండి, దాన్ని చదివి మిమ్మల్ని ఓదార్చవలసిన పని వారికి పడుతుంది. ఇంత చాలు: ఈ మధ్య రాలేకపోయాను. మీ అబ్బాయి రోజూ గుర్తొస్తున్నాడు. (ఇక్కడ అతని పేరు రాయండి.) బుధవారం సాయంత్రం ఆరింటికి భోజనం తెచ్చి ఇస్తాను, తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బాలో తెస్తాను. కూర్చోమంటే కూర్చుంటాను, ఓపిక లేకపోతే తలుపు తీయనక్కరలేదు, బయట పెట్టి వెళ్తాను. దీనికి జవాబు అవసరం లేదు. బుధవారం ఆరింటికి వెళ్లండి. తలుపు తెరుచుకోకపోతే డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వచ్చేయండి, ఆ రాత్రి ఫోన్ చేసి తిన్నారా అని అడగకండి. మళ్లీ బుధవారం అదే సమయానికి వెళ్లండి.